మామగారి వాచీ రోజుకి 38 సెకన్లు ముందు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే 38 ఏళ్ల పాఠకుడు ఒకాయన చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. కుదించి చెప్తాను. ఈయనకి ఆరేళ్లుగా ఖరీదైన వాచీల కాపీలు పోగేసే అలవాటు ఉంది. బజార్లో పదిహేను వందలకి దొరికే ఫస్ట్ కాపీలు కాదు, చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి తెప్పించుకునే ‘సూపర్ క్లోన్’ రకం, ఒక్కోటి ముప్పై నలభై వేలు. ఇంట్లో తొమ్మిది ఉన్నాయి. కాపీ అసలుకి ఎంత దగ్గరగా ఉందో చెప్పడంలో స్నేహితుల్లో ఈయనదే చివరి మాట. ఇరవై నెలల కిందట, ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మామగారికి డిపోలో సన్మానం జరిగితే, అందరి ముందూ ఆయన చేతికి ఒక రోలెక్స్ డేట్‌జస్ట్ పెట్టారు. 42 వేలు పెట్టి తెప్పించిన కాపీ అది. కాపీ అని చెప్పలేదు, అసలుదనీ చెప్పలేదు. అత్తగారు మాత్రం అల్లుడు పది లక్షల వాచీ పెట్టాడని నరసరావుపేట అంతా చెప్పుకున్నారు. భార్యకి నిజం తెలుసు, ‘మీ నాన్నకి చెప్పకు’ అని ఈయనే ఆపారు. ఇప్పుడు మూడు చిక్కులు ఒకేసారి వచ్చాయి. వాచీ రోజుకి సుమారు 38 సెకన్లు ముందుకి పోతోంది, కంపెనీ ఐదేళ్ల గ్యారంటీ ఉంటుందట కదా, షోరూంకి తీసుకెళ్దాం అని మామగారు అంటున్నారు. దాని అంచు తెల్ల బంగారమట కదా, ఓసారి పట్రా చూద్దాం అని బంగారం కొట్టున్న ఆయన స్నేహితుడు అడుగుతున్నాడు. సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్న బావమరిది, గ్యారంటీ కార్డూ పెట్టే తీసి ఉంచండి, బీమా చేయిద్దాం అంటున్నాడు. ‘చెప్తే పరువు పోతుంది, చెప్పకపోతే దొరికిపోతాను. ఏం చెయ్యమంటారు?’ అని అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరం ప్రింట్ తీస్తే నాలుగు పేజీలైంది. అందులో మూడు పేజీలు వాచీలే. మామగారి గురించి పదకొండు లైన్లు, మీ ఆవిడ గురించి రెండంటే రెండు. తప్పు పట్టడానికి లెక్కపెట్టలేదు. ఇష్టమైన దాని గురించి ఎవరైనా గంటలు మాట్లాడతారు, భయమైన దాని గురించి ముక్తసరిగా తేల్చేస్తారు, నేనూ అంతే. కానీ సమాధానం మాత్రం ఆ పదమూడు లైన్లకే రాయాలి, అందుకని ముందే చెప్తున్నాను.

వాచీల మూడు పేజీలూ బాగున్నాయి, ఆ మాట దాచను. తారీఖు మీద ఉండే చిన్న భూతద్దం అంకెని రెండున్నర రెట్లు చేసి చూపించాలని, నాసిరకం కాపీలో ఆ అంకె పీలగా కనబడుతుందని రాశారు. డయల్ చుట్టూ లోపలి అంచు మీద చెక్కిన రోలెక్స్ అక్షరాలు గంట గీతలకి ఎదురుగా ఉన్నాయో లేదో, ఆరు దగ్గర గాజులో ఉండే అతి చిన్న కిరీటం గుర్తు మామూలుగా చూస్తేనే కనబడిపోతే ఎందుకు అనుమానించాలో, తారీఖు సరిగ్గా అర్ధరాత్రి టక్కున మారాలి గానీ పావుగంట నుంచీ మెల్లగా జరుగుతూ మారకూడదని... మీ దగ్గరున్న తొమ్మిదింట్లో ఒకదాని తారీఖు రాత్రి 12:04కి మారుతుందని దాన్ని మీరు పెట్టుకోవడమే మానేశారట! ఇంత ఓపిక ఉన్న మనిషిని నకిలీ వస్తువుల పిచ్చోడని నేను కొట్టిపారెయ్యలేను. అయితే అసలు రోలెక్స్‌ని షోరూంలో పది నిమిషాల పాటు రెండుసార్లు చూశానని ఓ చోట రాశారు. మీరు నేర్చుకున్నదంతా ఫొటోల నుంచి వచ్చిందన్నమాట. ఫొటోకి కనబడేవన్నీ మీకు తెలుసు. మీకిప్పుడు వచ్చిన చిక్కులు మూడూ ఫొటోకి కనబడనివి. అందుకే ఊపిరాడటం లేదనుకుంటున్నాను.

ఎలాగో చెప్తాను. డేట్‌జస్ట్‌లో ఆ గరుకు గీతల అంచు, ఉక్కు వాచీ మీద కూడా, 18 క్యారెట్ల తెల్ల బంగారంతో చేస్తారు. అంటే నూటికి 75 పాళ్లు బంగారం. కాపీలో అది మెరుగు పెట్టిన ఉక్కు. గీతలు ఎన్ని ఉన్నాయి, ఏ కోణంలో మెరుస్తున్నాయి అన్నది మీ పరీక్ష. బంగారం కొట్టాయనకి గీతలతో పని లేదు. ఆయన కొట్లో బంగారం ఎంత ఉందో కొలిచే క్యారెట్ మీటర్ ఉండే ఉంటుంది, వాచీని అందులో పెడితే టీ వచ్చేలోపు బంగారం సున్నా అని చూపిస్తుంది. షోరూంలో అయితే వెనక మూత తీస్తారు, లోపలున్న మిషను చూస్తారు, మేం దీన్ని ముట్టుకోం అని మర్యాదగా వెనక్కిస్తారు. బావమరిది అడిగే కార్డు సంగతి మీకే తెలుసు. మీ కాపీతో వచ్చిన కార్డు కూడా కాపీయే, దాని మీద నంబరుతో బీమాకి వెళ్తే వాచీ దాటి కథ ఇంకో మెట్టెక్కుతుంది. అప్పుడు దొంగ కాగితం చూపించి బీమా అడిగింది మీ బావమరిది అవుతాడు, మీరు కాదు.

ఇక 38 సెకన్లు. ఇది నాకు ఎక్కువ నచ్చిన భాగం, భయపెట్టిన భాగం కూడా ఇదే. రోజుకి 86,400 సెకన్లు. అందులో 38 అంటే వెయ్యిలో అర వంతు కూడా కాదు, మామూలు మనిషి పట్టించుకోడు. కానీ రోలెక్స్ కంపెనీ తన వాచీలకి చెప్పుకునే హద్దు రోజుకి రెండు సెకన్లు అటూ ఇటూ. వాచీ ఎంత కచ్చితమో తేల్చే స్విస్ క్రోనోమీటర్ పరీక్ష కూడా నాలుగు వెనక్కి, ఆరు ముందుకి మించనివ్వదు. మామగారు రోజూ రాత్రి తొమ్మిది గంటల వార్తలప్పుడు ఫోన్లో టైముతో పోల్చి, తేడాని పాత ఆర్టీసీ డైరీలో రాసుకుంటున్నారని మీరు నవ్వుతూ రాశారు. నాకు నవ్వు రాలేదండీ. ముప్పై ఏళ్లు బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని రాసిన చెయ్యి అది. అన్నేళ్లూ ఆ చేతికున్నది కీ ఇచ్చుకునే హెచ్‌ఎంటీ జనతా, ఇప్పుడది బీరువాలో ఉంది. పది లక్షల వాచీ జనతా కంటే పెద్ద మెరుగ్గా లేదేమిటి అని ఆయనకి ఎప్పుడో తట్టి ఉంటుంది. తట్టి కూడా అల్లుణ్ణి అడగలేక, వాచీ ముందుకి పోతోంది బాబూ అని ఆపుతున్నారేమో. నిజమో కాదో నాకు తెలీదు గానీ, ఆయనకేమీ తెలియదన్న లెక్క మీద మాత్రం ఏ ప్లానూ వెయ్యొద్దు.

(ముందుకి పోవడానికి కారణం చిన్నదే అయ్యుండొచ్చు. మీరు దసరాకి వెళ్లినప్పుడు టైమ్‌గ్రాఫర్ మీద, అంటే వాచీ టిక్‌టిక్ విని దాని ఆరోగ్యం చెప్పే యంత్రం మీద పెట్టి చూస్తే ఆంప్లిట్యూడ్, అంటే లోపలి చక్రం ఊగే కోణం, 238 డిగ్రీలు చూపించిందని రాశారు, ఆరోగ్యంగా ఉన్న మిషన్లో అది 270 పైన ఉండాలి. నూనె ఎండి ఉండొచ్చు. ఫోన్ పక్కన పెట్టి అయస్కాంతం పట్టి ఉండొచ్చు కూడా, అప్పుడు ఆ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ ముందుకి పరిగెడుతుంది. అసలు దాంట్లో నీలం స్ప్రింగు అయస్కాంతానికి లొంగని లోహం, చాలా కాపీల్లో నీలం రంగొక్కటే వస్తుంది. అయస్కాంతమే అయితే తెలిసిన రిపేరర్ ఎవరైనా అరగంటలో సరిచేస్తాడు, నూనె అయితే విప్పి సర్వీసు చెయ్యాలి.)

అందుకే మీకు తట్టిన మొదటి దారి, అంటే ‘నేనే సర్వీసుకి ఇప్పిస్తాను మామయ్యా’ అని తీసుకొచ్చి, సరిచేయించి తిరిగి ఇవ్వడం, తేలిగ్గానే అవుతుంది. బంగారం కొట్టాయన్ని ఏదో చెప్పి దాటెయ్యొచ్చు. బావమరిదికి కార్డు ఎక్కడో పోయిందని చెప్పొచ్చు. ఈ సంక్రాంతి గడిచిపోతుంది. ఇలా ఎన్ని సంక్రాంతులు? మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన లైను ఒకటుంది, ‘నా తర్వాత ఇది మనవడికి’ అని మామగారు రెండుసార్లు అన్నారట. ఆ మనవడు బావమరిది కొడుకు. రేపు ఇల్లూ పొలం పంచుకునే రోజున ఇంట్లో అందరి లెక్కలోనూ ఈ వాచీ పది లక్షలు. ‘వాచీ వాడికి పోయింది కదా, ఆ మూల స్థలం అమ్మాయికి రాయండి’ అని ఓ పెద్దమనిషి అంటాడు, మీ ఆవిడ ఆ మాట విని ఊరుకోవాలి, లేదా అప్పుడు నోరు విప్పాలి. ఇవాళ మీ మామగారికి చెప్పాల్సిన మాట ఆ రోజు పంచాయితీలో చెప్పాల్సి వస్తుంది, అదీ ఆయన లేనప్పుడు. ఊరుకుంటే ఏమవుతుందో ఆలోచించేటప్పుడు సంక్రాంతి వరకే ఆలోచించకండి, అంత దూరం వెళ్లి చూడండి.

రెండో దారి, అసలుది కొని గుట్టుగా మార్చెయ్యడం. పర్సనల్ లోన్ లెక్క కూడా వేసుకున్నారు మీరు. ఆ మోడల్ కొత్తది పది లక్షల పైమాటే, చాలా మోడళ్లకి షోరూంలో పేరు రాయించుకుని ఎదురు చూడాలి, కార్డు మీద అమ్మిన తేదీ ఉంటుంది. బావమరిది కార్డు అడిగితే రిటైర్మెంట్ అయిన ఇంతకాలానికి కొన్నట్టు కనబడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో సరిపోయే తేదీ ఉన్నది వెతుకుతాను అంటారా, వెతకొచ్చు, కానీ మామగారి చేతికి ఇరవై నెలలుగా ఉన్న వాచీకి ఆయన గీతలు ఆయనవి ఉన్నాయి, గేటు గొళ్లేనికి తగిలిందీ, పంపు దగ్గర గీసుకున్నదీ. గీత చూసి నా వాచీ వందలో గుర్తుపడతానని మీరే కదా రాసింది. ఆయనకీ కళ్లున్నాయి. అన్నీ కలిసొచ్చి ఎవరూ పట్టుకోకపోయినా ఐదేళ్లు ఈఎంఐ కట్టేది మీ ఇద్దరి జీతాల్లోంచే. మీ ఆవిడ ఒప్పుకుంటే అది మీ ఇష్టం. నేనైతే ఒక అబద్ధానికి పది లక్షలు పెట్టను.

మూడోది మీరు ‘ఇది ఎలా ఉంటుంది?’ అని అడిగింది: ‘నేనూ మోసపోయాను, అసలుదనుకునే కొన్నాను’ అని చెప్పడం. అందర్లోకీ ఇదే ప్రమాదం, ఎందుకంటే చెప్పిన ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత మామగారు ఊరుకుంటారా? పది లక్షలు పోగొట్టుకున్న అల్లుడి కోసం బిల్లు తియ్యండి, ఎవడు అమ్మాడో చెప్పండి, స్టేషన్‌కి పోదాం పదండి అంటారు. బావమరిది డాలస్ నుంచే కన్స్యూమర్ కేసు గురించి వెతికి పెడతాడు. అయ్యో పాపం అని ఇంట్లో వాళ్లందరూ మిమ్మల్ని ఓదారుస్తుంటే ఆ ఓదార్పుని కూర్చుని పుచ్చుకోవాలి. ఈ దారి వద్దు.

నాలుగోది చెప్పెయ్యడం. పరువు పోతుంది అంటున్నారు. కొంత పోతుంది, పోదని నేను అబద్ధం చెప్పను. ఆయన కోప్పడొచ్చు. డిపోలో అందరి ముందూ పెట్టావు కదయ్యా అని ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోవచ్చు, అది నిజంగా తగిలే మాట, దానికి మీ దగ్గర జవాబు ఉండదు, వెతక్కండి కూడా. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. లేదా ‘నాకెప్పుడో అనుమానం వచ్చింది’ అని డైరీ తీసి చూపించొచ్చు. అత్తగారికి చెప్పాలా వద్దా, కొడుక్కి ఏం చెప్పాలి, డిపో స్నేహితులకి ఏం చెప్పాలి అన్నది ఆయన తేల్చుకోవాల్సిన విషయం. అది ఆయన పరువు, ఆయనకే వదిలెయ్యండి. ‘అత్తయ్యకి మాత్రం చెప్పకండి’ అని మీరు అన్నారో, మీ ఆవిడ చేత మోయించిన మూటే ఆయన నెత్తినా పెట్టినట్టు.

ఇంతకీ ఆవిడ సంగతి. రెండు లైన్లు రాశారు: ‘మా ఆవిడకి తెలుసు. తనకేం ప్రాబ్లం లేదు.’ ఆవిడ ఇరవై నెలలుగా రోజూ ఫోన్లో వాళ్ల నాన్నతో మాట్లాడుతోంది. వాచీ మాట వచ్చినప్పుడల్లా ఏం చెప్తోందో ఎప్పుడైనా అడిగారా? మీకైతే అది మామగారి దగ్గర దాచిన విషయం, ఆవిడకి కన్నతండ్రి దగ్గర. బయటపడ్డ రోజున ‘నీకు కూడా తెలుసా అమ్మా’ అని ఆయన అడిగేది ఆవిడనే. మీరు ఏ దారి పట్టినా ముందు ఆవిడతో కూర్చోండి. చెప్పే పని మాత్రం ఆవిడకి అప్పజెప్పకండి.

మీ సేకరణ గురించి కూడా అడిగారు, మానెయ్యాలా అని. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను: ఆఫీసులో ఇద్దరికి కొన్న ధరకే రెండు ఇచ్చానన్నారు చూడండి, అది ఇక వద్దు. లాభం తీసుకోకపోయినా, కాపీ అని కొన్నవాడికి తెలిసినా, దొంగ మార్కున్న సరుకు అమ్మడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరమే, అమ్మడానికి దగ్గర పెట్టుకోవడం కూడా. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్లు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు. సొంతానికి పెట్టుకోవడం ఆ సెక్షన్‌లోకి రాదు. వచ్చే వేసవిలో స్విట్జర్లాండ్ ట్రిప్పుకి కాపీ పెట్టుకెళ్లి అక్కడి షాపువాళ్లు పట్టుకుంటారో లేదో చూస్తానన్నారు, దయచేసి ఆ సరదా మానుకోండి, అక్కడ 2008 నుంచి కస్టమ్స్ వాళ్లు సొంతానికి తెచ్చుకున్న ఒక్క నకిలీ వాచీనైనా లాక్కోవచ్చు. జెనీవాలో పాటెక్ ఫిలిప్ అనే వాచీల కంపెనీ మ్యూజియం ఉంది, ఖాళీ చేత్తో వెళ్లి చూసిరండి, మీలాంటి కంటికి రెండు రోజులు చాలవు.

మిగతాది మీ డబ్బు, మీ ఇష్టం. ఆ ఆకారాలు నచ్చి కొంటుంటే, అదే ఆకారంలో తమ సొంత పేరుతో చేసే ‘హోమేజ్’ వాచీలున్నాయి, సాన్ మార్టిన్, పగానీ డిజైన్ లాంటివి, మీకు తెలిసే ఉంటుంది. మీ స్నేహితులు వాటిని చిన్నచూపు చూస్తారని కూడా తెలుసు. పోలికలూ తేడాలూ పట్టుకునే ఆటే నచ్చితే, పాత హెచ్‌ఎంటీల వైపు చూడండి. 1961లో సిటిజన్ కంపెనీ సాయంతో మొదలై 2016లో మూతపడ్డ ఆ వాచీల్లో ఇప్పుడు సగం మాయ ఉంది. ఒక మోడల్ డయల్, ఇంకో మోడల్ ముళ్లు, కొత్తగా రంగేసి ‘పైలట్’ అని అచ్చేసినవి ఆన్‌లైన్లో బోలెడు. ఏది కారఖానా నుంచి వచ్చినట్టే ఉంది, ఏది అతుకుల బొంత అన్నది తేల్చడానికి మీ కన్నే కావాలి, పైగా కొనేవాళ్లని ఆ కన్ను కాపాడుతుంది. రెండు మూడు వేలతో మొదలవుతుంది. ఇది సలహా కూడా కాదు, మూడు పేజీలు చదివాక ఉండబట్టలేక అంటున్నాను.

చెప్పాలనుకుంటే బావమరిది వచ్చేలోపే చెప్పండి. భోగికి ముందు ఏదో ఒక శనివారం మీరొక్కరే బస్సెక్కి వెళ్లండి, ఆయన మామూలుగా వాకిట్లో కూర్చునే వేళ చూసుకోండి. మెసేజ్‌లో వద్దు, ఫోన్లో వద్దు. మీరు రాసినట్టు దీనికి బదులుగా సీకో వాచీ కొనుక్కుని పెట్టెతో అస్సలు వెళ్లకండి, అది చేతిలో ఉంటే మీ మాట బేరంలా వినబడుతుంది. ముందు ఆ డైరీ ఓసారి చూపించమనండి. ఆ అంకెలు మీకు బాగా అర్థమవుతాయి, మీకంటే బాగా చదివేవాళ్లు ఆయనకి ఊళ్లో దొరకరు. చూసి, ఇది ఎందుకు ముందుకి పోతోందో నాకు తెలుసు మామయ్యా అని మొదలుపెట్టండి, 42 వేలు అన్న అంకె కూడా దాచకుండా చెప్పండి, ఎందుకు చేశారో అడిగితే అప్పుడు చెప్పండి. అంతా అయ్యాక ఆ వాచీని ఆయన విప్పి మీ చేతిలో పెట్టొచ్చు, బీరువాలో పెట్టొచ్చు, పెట్టుకునే ఉండొచ్చు. మీరు మాత్రం ఇచ్చెయ్యమని అడగకండి.